ఆవిష్కరణ సభలో అమ్మకాల బల్ల

ఈమధ్య ఒక ఆదివారం సాయంత్రం టి. నగర్‌లోని ఒక చిన్న హాల్లో జరిగిన కథల సంపుటి ఆవిష్కరణకి వెళ్ళాను. ఆహ్వాన పత్రికలో ఐదున్నర అని వేశారు కాబట్టి, మద్రాసు తెలుగువాళ్ళ లెక్క ప్రకారం ఆరింటికి చేరుకున్నాను. సభ ఆరుంపావుకి మొదలైంది. పద్దులు చూసే ఉద్యోగం వల్ల పట్టుకున్న పాడు అలవాటు ఒకటుంది నాకు, ఎక్కడ కూర్చున్నా తలలు లెక్కపెడతాను. కుర్చీల్లో 46 మందిమి, వేదిక మీద 9 మంది. ప్రార్థనా గీతం, జ్యోతి ప్రజ్వలన, స్వాగత వచనాలు అయ్యాక, మెరుపు కాగితంలో చుట్టి ఎర్ర రిబ్బను కట్టిన పుస్తకాల పొట్లాన్ని పళ్ళెంలో పెట్టి తెచ్చారు. ముఖ్య అతిథి రిబ్బను కొస పట్టుకుని లాగితే ముడి విడిపోవలసింది పోయి ఇంకాస్త బిగుసుకుంది. కత్తెర ఎవరి దగ్గరా లేదు. చివరికి సభాధ్యక్షులు తమ ఇంటి తాళంచెవితో టేపు చించితే పుస్తకం బయటపడింది, అట్ట మూల నలిగి. ఫొటో కోసం అందరూ తలా ఒక ప్రతి ఛాతీ దగ్గర పట్టుకుని నిలబడ్డారు. ఒకాయన తొందరలో వెనక అట్టని ముందుకి తిప్పి పట్టుకోవడం వల్ల ఆ ఫొటోలో మన కథకుడు రెండుచోట్ల కనిపిస్తాడు.

ఆ తరవాత రెండు గంటలు ఉపన్యాసాలు. ఒకరు కథకుడితో తమకు ముప్ఫయ్యేళ్ళుగా ఉన్న స్నేహం గురించి, ఒకరు మాతృభాషకి పట్టిన దుర్గతి గురించి, మరొకరు తాము వెలువరించబోయే సొంత పుస్తకం గురించి మాట్లాడారు. పేజీల మధ్య చీటీలు పెట్టుకుని వచ్చిన సమీక్షకురాలు ఒక్కరే ఆ పుస్తకాన్ని చదివిన మనిషని దూరం నుంచే తెలుస్తోంది. ఆవిడ రెండో కథలోకి వచ్చేసరికి నిర్వాహకులు ముందుకి వంగి సమయం మించిందన్న చీటీ అందించారు.

ఇదంతా ఎగతాళికి రాయడం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఇలాంటి సభలకి వెళుతున్నాను, ఇకముందూ వెళతాను. అయితే వెళ్ళేవాళ్ళమూ నిర్వహించేవాళ్ళమూ కలిసి ఒక సంగతి మరిచిపోయామని నా అభియోగం. చెన్నైలో తెలుగు పాఠకుడికి ఆవిష్కరణ సభే పుస్తకాల షాపు. లోకల్ రైలు దిగి, నడిచి వెళ్ళి, కొత్తగా వచ్చిన తెలుగు కథల పుస్తకాన్ని చేత్తో తిరగేసి, మధ్యలో ఒక పేజీ చదివి, నచ్చితే కొనుక్కోగల చోటు ఇన్నేళ్ళలో ఒక్కటీ నాకు ఈ ఊళ్ళో దొరకలేదు. ఇంటర్నెట్‌లో తెప్పించుకోవచ్చు, నిజమే. కానీ ఏది తెప్పించుకోవాలో ముందే తెలిసినవాళ్ళకే అది పనికొస్తుంది. తెలియని పుస్తకం తారసపడే చోటు హాలు గుమ్మం పక్కన వేసిన ఆ బల్ల ఒక్కటే. మన సభల్లో అందరికంటె తక్కువ గౌరవం దక్కేది కూడా దానికే. వేదికకి పూలదండలు, మైకు, ఫ్లెక్సీ; బల్లకి చిరుగుపట్టిన దుప్పటి.

ఒకప్పుడు తెలుగు అచ్చు చూడాలంటే ఈ ఊరికే రావాలి. వావిళ్ళ రామస్వామిశాస్త్రులు గారు ముద్రణాలయం పెట్టింది 1854లో, ఈ చెన్నపట్టణంలోనే. బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చువేసి ఆ సంస్థ ప్రభుత్వంతో పేచీ తెచ్చుకున్నదీ ఇక్కడే. బొంబాయిలో 1908లో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా ఇక్కడికే వచ్చింది. చందమామ 1947 జులైలో ఇక్కడే ఉదయించింది. తెలుగుదేశం మొత్తానికి పుస్తకాలు కట్టలు కట్టి పంపిన ఊరు ఇవాళ తన తెలుగువాళ్ళకి ఒక షాపు నిలుపుకోలేకపోయింది. దానికి కారణాలు అందరికీ తెలిసినవే, వాటిలోకి పోను. 1977లో మౌంట్ రోడ్డు మదరసా-ఇ-ఆజం బడి ఆవరణలో మొదలై ఇప్పుడు జనవరిలో నందనంలో జరిగే పుస్తక ప్రదర్శనలో కూడా తెలుగు పుస్తకాల కోసం వరసలన్నీ వెతుక్కుంటూ తిరగవలసిందే. షాపు లేదు కనుక షాపు చేయవలసిన పని సభ మీద పడింది. సభ మాత్రం తాను సన్మానం కోసమే ఉన్నాననుకుంటోంది.

లెక్కలు చెబితే సాహిత్యం మీద మనసు లేదనుకుంటారని తెలుసు, అయినా చెబుతాను. ఆ కథకుడు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, నాకు బాగా పరిచయస్థులు, తమ ఖర్చుల చిట్టా నాకే ఇచ్చి చూడమన్నారు. 160 పేజీల పుస్తకం, 500 ప్రతులు. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగు అన్నీ కలిపి 60,000 రూపాయలు, అంటే ప్రతికి 120. వెల 200 పెట్టారు. దూరపు ఊళ్ళోని విక్రేతకి ఇస్తే నలభై శాతం కమీషన్ పోగా చేతికొచ్చేది సరిగ్గా ఆ 120, అదీ ఎప్పుడొస్తుందో చెప్పలేని 120. హాలు అద్దె, శాలువాలు, జ్ఞాపికలు, టిఫిను, ఫ్లెక్సీ కింద ఇంకో 15,000 అయ్యాయి. మొత్తం 75,000 రాబట్టుకోవాలంటే 375 ప్రతులు పూర్తి వెలకి, కమీషన్ లేకుండా, నేరుగా పాఠకుడి చేతికి అమ్ముడుపోవాలి. నేరుగా అమ్మగలిగే సాయంత్రం జీవితంలో ఒక్కటే ఉంటుంది, అది ఆవిష్కరణ రోజు. ఆ సాయంత్రం హాలుకి 100 ప్రతులు తెచ్చారు. 41 ఉచితంగా పంచారు, 9 అమ్మారు, 50 తిరిగి ఇంటికి వెళ్ళాయి. అమ్మకం వల్ల వచ్చింది 1,800 రూపాయలు. వేదిక మీద కప్పిన తొమ్మిది శాలువాలకి, ఒక్కోటి 250 చొప్పున, అయింది 2,250.

ఈ 41 ప్రతుల దగ్గరే నా తగాదా అంతా. ‘నాకో కాపీ ఇవ్వండి సార్’ అని అడగడం మనలో చనువుకి గుర్తు, ‘ఇదిగో తీసుకోండి’ అనడం పెద్దమనిషి తరహా. డబ్బు తీసి ఇస్తే కథకుడే చిన్నబోతాడు. చట్టం అడిగే ఉచిత ప్రతులు నాలుగే. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం, అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ముప్ఫై రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, మరో మూడు గ్రంథాలయాలకి ఒక్కొక్కటి ప్రచురణకర్త తన ఖర్చుతో పంపాలి. ఆ మూడింటిలో ఒకటి మన ఎగ్మూరులోనే ఉన్న కన్నెమరా. నలభై ఒక్కమంది పెద్దమనుషులకి ఊరికే ఇచ్చిన మా కథకుడు, అక్కడికి పది రూపాయల బస్సు టికెట్‌తో తీసుకెళ్ళి ఇవ్వగల ప్రతిని ఇంకా ఇవ్వలేదు. అడిగితే, ‘అక్కడ ఎవరు చదువుతారు లెండి’ అన్నారు.

ఊరికే ఇచ్చినవి ఎవరైనా చదువుతున్నారా అంటే, నా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. నా బీరువా పై అరలో సంతకంతో సహా ఉచితంగా పుచ్చుకున్న పుస్తకాలు పదిహేడున్నాయి. వాటిలో ఐదు చదివాను. డబ్బిచ్చి కొన్నవాటిలో చదవనివి రెండు. ఇంకో సాక్ష్యం తిరువల్లిక్కేణిలో దొరికింది. పైక్రాఫ్ట్స్ రోడ్డు ప్లాట్‌ఫారం మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, అంతకు ఏడాది ముందు నేను వెళ్ళిన ఒక సభ తాలూకు కవితా సంపుటి కనిపించింది. లోపల ఆకుపచ్చ సిరాతో ‘ఆత్మీయులకు, వినమ్రంగా’ అని, కింద దాన్ని పుచ్చుకున్న ఆనాటి అతిథి పేరు. పేజీలు తెరిచిన ఆనవాలు లేదు. ముప్ఫై రూపాయలకి కొన్నాను. ఆ ఒక్క ప్రతి మీద లోకంలో ఎవరికైనా నాలుగు డబ్బులు దొరికాయంటే అవి ఆ ప్లాట్‌ఫారం వ్యాపారికే దొరికాయి.

ఈ మాట అన్నప్పుడల్లా మా మాస్టారు ఒకరు, ఎనభయ్యేళ్ళ కవి, పోతన్నగారిని అడ్డం వేస్తారు. ‘సరస్వతిని అమ్ముకోమంటావా అమ్మాయీ?’ అంటారు. కంటనీరు పెట్టుకున్న సరస్వతికి, నిన్ను రాజుల పాలు చేయనని పోతన మాట ఇచ్చినట్టు చెప్పుకునే చాటు పద్యం మనకి కంఠోపాఠమే. ఆయన వద్దన్నది రాజుకి, కొనుక్కుని చదివే పాఠకుడికి కాదు. ముఖ్య అతిథి అనే రాజు ముందు సరస్వతిని మెరుపు కాగితంలో చుట్టి నిలబెట్టడమే ఆ పద్యానికి అసలు విరుద్ధం అని నా వాదన. అమ్మకం అంటే సిగ్గుపడనివాళ్ళు ఈ ఊళ్ళోనే పెద్ద పనులు చేశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తలనొప్పి మందు అమ్మి ఆ డబ్బుతో ఆంధ్రపత్రికని నిలబెట్టారు. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ వెనక నడిచిన చిత్రకారులు, శిల్పులు బాతిక్ బట్టలు, చేతిపని వస్తువులు తయారుచేసి అమ్మి, ఆ డబ్బుతో సముద్రం పక్కన ఇంజంబాకంలో స్థలం కొని చోళమండలం అనే కళాకారుల పల్లె కట్టుకున్నారు. దాతలు ముందుకొచ్చేదాకా ఆగి ఉంటే ఈపాటికి అక్కడ ఇసక తప్ప ఏమీ ఉండేది కాదు.

చోళమండలం పేరెత్తాను కాబట్టి, నా కళ్ళు తెరుచుకున్నది తెలుగు సభలో కాదని ఒప్పుకోవాలి. మా ఆఫీసు నుంగంబాకంలో ఉన్న రోజుల్లో తమిళ సహోద్యోగిని ఒకావిడ, సాయంత్రం నన్ను గ్రీమ్స్ రోడ్డు లలితకళా అకాడెమీ గ్యాలరీలో ఒక ప్రారంభోత్సవానికి లాక్కెళ్ళింది. అక్కడా కుత్తివిళక్కు దీపం వెలిగించారు, అక్కడా ఒక పెద్దమనిషి మాట్లాడారు, కానీ పావుగంటలో ముగించారు. మిగిలిన రెండు గంటలు జనం టీ కప్పులు పట్టుకుని గోడల వెంట తిరిగారు. నిజం చెప్పాలంటే సగంమంది బొమ్మలకి వీపు తిప్పి, సమోసా తింటూ, ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆ లోకానికి దాని డాబులు దానికున్నాయి. అయినా గుమ్మం దగ్గర బల్ల మీద టైపుచేసిన వెలల పట్టిక బాహాటంగా ఉంది. అమ్ముడుపోయిన బొమ్మ పక్కన గోడకి చిన్న ఎర్ర చుక్క అంటించారు. ఆ చుక్క పడగానే చిత్రకారుడి మొహంలో వెలిగిన వెలుగుని ఏ శాలువా కప్పినప్పుడూ నేను చూడలేదు.

తరవాత ఒంటరిగా వెళ్ళడం అలవాటైంది. ఒకసారి ఒక కుర్ర చిత్రకారుడి ప్రదర్శనలో, పెద్ద కాన్వాసు అడుగున జానెడు మేర రంగు వేయకుండా ఉత్త బట్ట వదిలేసి ఉంది. మిగతా అంతా ముదురు నీలం. దాని ముందు చాలాసేపు నిలబడి, నాలుగైదు గంభీరమైన అర్థాలు ఊహించుకుని, ఆఖరికి అతన్నే అడిగాను. ఇంగ్లీషులో అడిగిన నా యాస పట్టేసి అతను చిత్తూరు తెలుగులో చెప్పాడు: ‘నీలం అయిపోయిందండీ. ట్యూబు కొనుక్కొచ్చేలోపల రెండ్రోజులు ఆ ఖాళీని చూసి చూసి, అదే బాగుందనిపించింది.’ ఆ మాట ఏ కరపత్రంలోనూ వేయరు. ప్రారంభోత్సవం బొమ్మలు చూడడానికి మంచి రోజు కాదు, వాటి కోసం మళ్ళీ బుధవారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళాలి. కానీ వేసిన మనిషి అక్కడ నిలబడి ఉండేది మాత్రం ఆ ఒక్క సాయంత్రమే. అతను ఇంకో మాట కూడా అన్నాడు: ‘నాలుగు ప్రదర్శనలు పెట్టానండీ, తెలుగులో అడిగింది మీరొక్కరే.’

అది నాకు గుచ్చుకుంది. మన రచయితలు బొమ్మల ప్రదర్శనలకి వెళ్ళరు, చిత్రకారులు మన సభలకి రారు. 1850లో అలెగ్జాండర్ హంటర్ నెలకొల్పిన చిత్రకళల కళాశాల ఈ ఊళ్ళోనే ఉంది. గోదావరి ప్రాంతం నుంచి వచ్చి ఆ బడిలో పేరు తెచ్చుకున్న చిత్రకారుడు రెడ్డెప్పనాయుడు పేరు మా సభలో ఎవరినైనా అడిగి చూడండి. ఒకప్పుడు ఇలా లేదు. భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ ప్రతి తెలుగు పిల్లవాడి కళ్ళకీ కట్టించిన శంకర్ తమిళుడు, ఆ కళాశాలలోనే చదివాడు. బాపుగారు ముఖచిత్రం వేశారంటే పుస్తకం చేతిలోకి తీసుకోవడానికి అదొక్కటే చాలిన రోజులు నాకే గుర్తున్నాయి. తమిళంలో ఆ చుట్టరికం చిన్న పత్రికల పుణ్యమా అని నిలిచింది: ఆదిమూలం లాంటి చిత్రకారుడు చిన్న ప్రచురణలకి అట్టలు వేశాడు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ రచనలకి గీతలు గీశాడు. ఈ రోజుకీ తిరువాన్మియూరులో తారా బుక్స్ వారి భవనానికి వెళితే, చేత్తో స్క్రీన్ ప్రింటింగ్ చేసిన గోండు బొమ్మల పుస్తకాలు తీసి తాకి చూడవచ్చు; నల్ల కాగితం మీద రంగు కాస్త ఎత్తుగా వేలికి తగులుతుంది, సిరా వాసన ఇంకా పోయి ఉండదు. అలాంటి పుస్తకాన్ని ఊరికే ఇమ్మని ఎవరికీ నోరు రాదు. మన పుస్తకాల ముఖచిత్రం చూడండి: సూర్యోదయం, పావురం, ఇంటర్నెట్‌లోంచి దింపిన ఒక కలం. గ్రీమ్స్ రోడ్డులో నీలం ట్యూబుకి డబ్బులు చూసుకునే కుర్రవాడికి ఆ తొమ్మిది శాలువాల డబ్బు ఇచ్చి ఉంటే ఎంత మంచి అట్ట వేసి ఉండేవాడో!

మాస్టారి దగ్గర దీనికీ జవాబుంది, దాన్ని అంత తేలిగ్గా తోసేయలేను. ‘ఆ శాలువాలు తీసేస్తే నీ 46 మందిలో 20 మంది రారు. వేదిక మీద తొమ్మిదిమంది ఉంటే వాళ్ళ వెంట తొమ్మిది కుటుంబాలు వస్తాయి. పైగా, ముప్ఫై అయిదేళ్ళు ఉద్యోగం చేసి, రాత్రిళ్ళు కథలు రాసుకున్నవాడికి ఒక్కపూట దండ వేస్తే నీ సొమ్మేం పోయింది?’ నా సొమ్ము పోలేదు, కథకుడిదే పోయింది అన్నాను గానీ, ఆయన మాటలో రెండో సగం నన్ను ఆపింది. ఆ సాయంత్రం కథకుడి భార్య పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుని, ఆయనకి దండ పడినప్పుడు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అందుకని దండ ఉండనివ్వండి, ఆయనకి ఒక్కరికే ఉండనివ్వండి. అతిథులు ముగ్గురు చాలు, ముగ్గురూ పుస్తకం చదివి రావాలి. రచయిత చేత ఒక కథ సగం దాకా చదివించాలి. బల్లని గుమ్మం పక్క నుంచి హాలు మధ్యకి తేవాలి, టిఫిను దాని పక్కనే పెట్టాలి. మనవైపు చేయవలసిన పని ఇంకా చిన్నది. సభకి వెళ్ళేముందు పర్సులో 200 పెట్టుకోవడం, ఉచిత ప్రతిని రెండు చేతులా నమస్కరించి వెనక్కి ఇవ్వడం. రెండోది చేసి చూశాను, కష్టమే. ఒకాయన ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం వందన సమర్పణ ముగియకుండానే బల్ల సర్దేయడం మొదలైంది, ఎనిమిదిన్నరకి హాలు ఖాళీ చేయాలట. బల్ల దగ్గర కథకుడి మనవడు, పదమూడేళ్ళవాడు, పుస్తకాలు అట్టపెట్టెలోకి చేరుస్తున్నాడు. కొత్త సంపుటితో పాటు ఆయన పాత పుస్తకం కూడా కొన్ని ప్రతులు పెట్టారు. ఒక ప్రతి ఇమ్మన్నాను. ‘150దా ఆంటీ, 200దా?’ అన్నాడు. పేరు చెప్పాను. వాడు రెండు అట్టల వంకా మార్చి మార్చి చూసి, మళ్ళీ నా వంక చూశాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు. 2006 చట్టం వచ్చాక తమిళం తప్పనిసరైన బడుల్లో చదువుకున్న మా అపార్ట్‌మెంట్ పిల్లలూ అంతే. ఇంట్లో కూర్చోబెట్టి నేర్పని తప్పు మా పెద్దవాళ్ళందరిదీ, నాదీను. వాడు పుస్తకాలని అంకెలని బట్టి గుర్తుపెట్టుకున్నాడు.

200 ఇచ్చి పుస్తకం తీసుకున్నాను. చిల్లర గొడవ లేదని వాడు సంతోషించి, ఆటో వచ్చేదాకా పెట్టె మీద కూర్చుని అడిగాడు: ‘తాతయ్య ఏం రాశారు ఆంటీ ఇందులో?’ రెండు గంటలు ఉపన్యాసాలు విని వచ్చిన నా దగ్గర ఆ ప్రశ్నకి జవాబు లేదు. మెట్ల మీద దీపం కిందికి జరిగి మొదటి కథ తెరిచాను. గూడూరు దగ్గర ఒక రైల్వే గేటు, వర్షంలో గేటు వేయడానికి లేచిన మనిషి, అతని లాంతరులో నూనె లేదు. ‘లాంతరు అంటే?’ అన్నాడు. చెప్పి, మళ్ళీ చదివాను. రెండో పేరా సగంలో ఉండగా ఆటో వచ్చింది.